కారులోని పాటకు కండెన్సరు

గడచిన మాఘమాసమున మేము ఏలూరు నుండి రాజమహేంద్రవరమునకు ఒక పెండ్లికై రాత్రివేళ కారులో బయలుదేరితిమి. నడుపుచున్నది మా బావమరిది. అతనికి పాటలనిన ప్రాణము. నెల దినముల క్రిందటనే మా కారు డిక్కీలో పెద్ద ఆంప్లిఫయరును, దానికి తోడు పన్నెండంగుళముల సబ్‌వూఫరును పట్టుబట్టి పెట్టించియుండెను. తాడేపల్లిగూడెము దాటిన పిమ్మట పాట ఊపందుకొన్నది. అప్పుడొక వింత కనబడినది. డప్పు మీద దెబ్బ పడినప్పుడెల్ల ముందు దీపములు ఒక్కసారి కుంగి మరల లేచుచున్నవి. "లైట్లు కూడా తాళం వేస్తున్నాయి బావా!" అని అతడు నవ్వెను. మేమును నవ్వితిమి. తణుకు చేరక మునుపే ఆ నవ్వు ఆగినది. వెనుక దీపము లేని గడ్డి ట్రాక్టరొకటి ముందు పోవుచుండెను. దీపములు కుంగిన క్షణముననే మేము దాని దాపునకు వచ్చితిమి. బ్రేకు పడినది గాని, వ్రేలాడుచున్న గడ్డిపోచలు మా ముందు అద్దమును తాకినవి. మిగిలిన దారి యంతయు పాట లేకయే సాగినది.

ఊరు తిరిగి వచ్చి, ఆంప్లిఫయరు బిగించిన దుకాణమునకే పోయి సంగతి చెప్పితిమి. వారు క్షణమైనను ఆలోచింపలేదు. "ఒక ఫారడ్ కెపాసిటర్ పెట్టించండి సార్, ఇక లైట్లు కదిలితే అడగండి" అనిరి. మూడువేల పైచిలుకు రూపాయలిచ్చి దానిని పెట్టించితిమి. కాఫీ ఫ్లాస్కు వంటి నున్నని గొట్టము. దాని నెత్తిన వోల్టేజి చూపు నీలి అంకెలు. చూచుటకు ముచ్చటగనే యున్నది. ఆ రాత్రియే గోడ కెదురుగా కారు నిలిపి, అదే పాట పెట్టి చూచితిమి. దీపములు మునుపటివలెనే కుంగినవి. కొంచెము తక్కువగా కుంగినవని బావమరిది వాదించెను. డబ్బిచ్చినవారి కండ్లకు అట్లే తోచును.

ఆ గొట్టములో నున్నదేమి, అది చేయగల పని యెంత, చేయలేనిదేమి అను విషయములను ఆ తరువాత మేము కొంత శ్రమపడి తెలిసికొంటిమి. కారులో సంగీతము పెట్టించుకొనువారికి ఇదే సలహా తరచుగా దొరకుచున్నది గనుక, శ్రోతలతో ఆ సంగతులు ముచ్చటింపదలచితిమి.

రేడియో యున్న ఇంట కెపాసిటరు క్రొత్త వస్తువు కాదు. మన మెకానిక్కులు దానిని ఇప్పటికిని కండెన్సరు అనియే పిలుతురు. పాత రేడియో పెట్టెలో స్టేషను కొరకు మనము నాబు త్రిప్పునప్పుడు, లోపల ఒకదానిలో నొకటి దూరుచు బయటికి వచ్చుచు నుండెడి అల్యూమినియము రేకుల గుత్తి కండెన్సరే. వేసవిలో పంకా నీరసించి తిరుగునప్పుడు "కండెన్సర్ పోయిందండీ" అని మెకానిక్కు మార్చునదియు అదియే. రెండు లోహపు పలకలు, వాని నడుమ విద్యుత్తు దాటలేని ఒక పొర: దాని స్వరూప మింతే. పలకల మీద విద్యుదావేశము నిలుచును; దారి దొరకిన వెంటనే బయటికి దుముకును. హాలెండు దేశపు లైడెన్ నగరములో 1746లో ముషెన్‌బ్రోక్ పండితుడు నీటిసీసాలో విద్యుత్తును పట్టి, దానిని తాకి, గట్టి దెబ్బ తినెను. అంతకు కొన్ని నెలల ముందే జర్మనుడైన ఫాన్ క్లైస్టునకును అట్టి అనుభవమే కలిగినది. నాటి లైడెను సీసాయే నేటి కండెన్సరునకు తాత.

దాని పట్టును కొలుచు మానము ఫారడు. మైకేల్ ఫారడే మహాశయుని పేరిట ఏర్పడినది. ఇది చాల పెద్ద కొలత. రేడియోలో స్టేషను పట్టు రేకుల గుత్తి యొక్క పట్టు, ఫారడును లక్ష కోట్ల భాగములు చేసినచో అందు నాలుగైదు వందల భాగములు మాత్రమే. కరెంటులోని హోరును అణచుటకై అదే పెట్టెలో నుండెడి లావుపాటి కండెన్సరు సయితము ఫారడులో పది లక్షలవ వంతులు, అనగా మైక్రోఫారడులు, ఏ ఎనిమిదియో ముప్పది రెండో కలిగియుండెడిది. ఆ లెక్కతో చూచినచో ఒక ఫారడు గొట్టము రాక్షసునివలె తోచును. దుకాణదారుని మాట నమ్మశక్య మగుటకు ఇదియు ఒక కారణము.

కాని కారులో కండెన్సరు నిజముగా మేలు చేసిన చరిత్ర చిన్న కండెన్సరులదే. కారులో రేడియోకు మొదటి శత్రువు ఆ కారు ఇంజనే. స్పార్కు ప్లగ్గులో నిప్పురవ్వ ఎగిరినప్పుడెల్ల అది ఒక చిన్న ప్రసార కేంద్రమై పటపటమను శబ్దమును వెదజల్లును. డైనమో బ్రష్షుల వద్ద లేచు రవ్వలు మరియొక గరగర. చికాగో నగరవాసియైన పాల్ గాల్విన్ 1930లో తన కారులో రేడియో అమర్చుకొని, అట్లాంటిక్ సిటీలో రేడియో ఉత్పత్తిదారుల సమావేశమునకు నడుపుకొని పోయెను. లోపల ప్రదర్శనకు చోటు లేనందున వెలుపలనే కారు నిలిపి, వచ్చిపోవువారికి పాట వినిపించెనట. మోటారోలా అను పేరు ఆ కారు రేడియోతోనే పుట్టినది. ఆ కాలపు పనివారు డైనమో తీగ వద్ద అర మైక్రోఫారడు కండెన్సరును ఇంజను ఇనుమునకు బిగించి, గరగర రేడియో దాక పోకుండ అక్కడనే భూమి త్రోవ పట్టించెడివారు. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల ప్రక్కన మైక్రోఫారడులో అయిదవ వంతు పాటి కండెన్సరు ఎట్లును ఉండవలసినదే. అది లేకున్న పాయింట్లు మాడిపోవును, ప్లగ్గుకు సరియైన రవ్వయు అందదు.

అంతకంటె చిత్రమైనది వైబ్రేటరు పెట్టె. వాల్వు రేడియోకు రెండువందల వోల్టులకు పైగా కావలెను. నాటి కారు బ్యాటరీలో నుండెడివి ఆరు వోల్టులు. కావున ఒక ఉక్కు నాలుకను సెకండునకు నూటపదునైదు పర్యాయములు కొట్టుకొనునట్లు చేసి, బ్యాటరీ కరెంటును తెగగొట్టుచు కలుపుచు ట్రాన్స్‌ఫార్మరునకు పంపెడివారు. కారు రేడియో మీద చెవి యుంచినచో తుమ్మెద ఝుంకారము వంటిది వినబడెడిది. అందులోని బఫరు కండెన్సరు చెడినచో ఆ నాలుక కొనలు కాలిపోయెడివి. ఏమరుపాటున కండెన్సరు మార్చక వైబ్రేటరును మాత్రము మార్చిన మెకానిక్కునకు అదే కారు కొద్ది దినములలో మరల ఎదురగుచుండెడిది. 1955లో ఫిల్కో సంస్థ క్రైస్లర్ కార్లకై పూర్తిగా ట్రాన్సిస్టరులతో రేడియో చేసిన పిమ్మట ఆ తుమ్మెద క్రమముగా మూగవోయినది. ఆ కండెన్సరు లన్నియు అరచేతిలో ఇమిడెడివి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని.

పెద్ద గొట్టముల కథ వేరు. పాట బిగ్గరగా వినవలెనను కోరిక పెరిగి, కారు డిక్కీలో వందల వాట్ల ఆంప్లిఫయరులు చేరిన తరువాత అవి అమెరికా దేశమున వ్యాప్తిలోనికి వచ్చినవి. వోల్టేజిని బిగువుగా నిలుపునవి యను అర్థముతో వానిని స్టిఫెనింగు కెపాసిటరులని పిలిచిరి. ఆ బిగువు ఎంతసేపో ఇప్పుడు లెక్క చూతము.

ఇంజను నడుచుచుండగా ఆల్టర్నేటరు సుమారు 13.8 వోల్టుల వద్ద కారునకు కరెంటు నిచ్చుచుండును. డప్పు దెబ్బ పడినప్పుడు మా వోల్టేజి 12.3 వరకు దిగుచుండెను. ఒక ఫారడు కెపాసిటరులో 13.8 వోల్టుల వద్ద దాగియున్న శక్తి మొత్తము 95 జౌళ్లు. అందు 12.3 వరకు దిగులోపల అది బయటికి ఇయ్యగలిగినది 20 జౌళ్లు మాత్రమే. ఆంప్లిఫయరు 600 వాట్లు లాగుచున్నప్పుడు ఆ 20 జౌళ్లు సెకండులో ముప్పదవ వంతు కాలమునకు సరిపోవును. మన డప్పు దెబ్బయో, అంతకు అయిదారు రెట్లు సాగును. ఇక ప్రక్కనే యున్న 45 ఆంపియర్-గంటల సామాన్యమైన బ్యాటరీలో నిండుగా నున్నప్పుడు 19 లక్షల జౌళ్లకు పైగా శక్తి యుండును. ఆల్టర్నేటరు నూతి మోటారు, బ్యాటరీ మేడమీది తొట్టి, కెపాసిటరు చేతి దాపున నున్న చెంబు. చెంబు చేతికి దగ్గర కనుక నీరు తొందరగా అందును, నిజమే. కాని చెంబుతో తోట తడుపుట యెట్లు? పైపెచ్చు ఖాళీయైన చెంబును మరల నింపవలసినది ఆ మోటారే. వోల్టేజి దిగినప్పుడు కెపాసిటరు సాయపడినంత, అది లేచునప్పుడు తన వంతు తాను లాగుకొనును. కెపాసిటరు ఒక్క వాటునైనను పుట్టింపదు.

ఐనచో అది బొత్తిగా నిరుపయోగమా? అట్లనుటయు న్యాయము కాదు. ఆంప్లిఫయరు కరెంటును ఏకధారగా లాగదు. సెకండునకు నలుబది కంపనములు గల మంద్రస్వరమును పలుకునప్పుడు స్పీకరు కాగితము ముందునకు ఒకమారు, వెనుకకు ఒకమారు కదలును. ప్రతి కదలికకు ఒక గుక్క కరెంటు. అనగా సెకండునకు ఎనుబది గుక్కలు. ఒక్కొక్క గుక్క నిడివి సెకండులో ఎనుబదవ వంతు. ఆ గుక్కకు గుక్కకు నడుమ లేచిపడు అలను చదును చేయుటకు మన చెంబు చక్కగా తగును. అందుకు అది ఆంప్లిఫయరునకు ఒకటి రెండడుగుల లోపలనే యుండవలెను. లోపలి నిరోధము మిక్కిలి తక్కువగా నుండవలెను. పెట్టె మీద ఇరువది ఫారడులని అచ్చువేసి అమ్ము గొట్టములును కలవు. ఫారడుల అంకె పెద్దదైనను లోపలి నిరోధము హెచ్చైనచో అది మెడ సన్నగా నున్న కూజా: నీరున్నను వేగముగా రాదు. ఇంతకును మంచి ఆంప్లిఫయరు లోపల ఈ పనికే కండెన్సరులు ముందుగనే యుండును.

ఇందు మాకు మిక్కిలి వింతగా తోచిన సంగతి యొకటి కలదు. వోల్టేజి 13.8 నుండి 12.3కు దిగినప్పుడు సామాన్యపు ఆంప్లిఫయరు బలము సుమారు అయిదవ వంతు తగ్గును. చెవి లెక్కలో అది ఒక్క డెసిబెలు. పాటలో మునిగియున్నవారు దానిని గుర్తించుట కష్టము. వోల్టేజిని తానే సరిదిద్దుకొను ఆంప్లిఫయరులో ఆ మాత్రమును ఉండదు. కాని అదే తగ్గుదలకు తీగె దీపపు వెలుతురు దాదాపు మూడవ వంతు పోవును. ఏలయనగా తీగె దీపపు వెలుగు వోల్టేజి కంటె ఎన్నో రెట్లు వడిగా పడిపోవును. కావున కెపాసిటరు పాటకు చేయు మేలు చెవికి అందదు, పాట దీపమునకు చేయు కీడు మాత్రము దారి మీద నున్నవారికి అందును. సంగీతము కొరకని మనము కొను వస్తువు వాస్తవముగా దీపముల కొరకు కొనుచున్నది. ఆ దీపముల నది కాపాడలేదు.

మరి దీపములు కుంగుట ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ ఎలక్ట్రీషియను వద్ద దొరకినది. మేము కెపాసిటరు సంగతి చెప్పి, "రెండోది కూడా పెట్టించమంటారా మేస్త్రి గారూ?" అని అడిగితిమి. ఆయన బానెట్టు ఎత్తి చూచుచునే, "కండెన్సర్ల మాట తర్వాతండీ. ముందు ఎర్తు ఎవరైనా చూశారా?" అనెను. ఎవరును చూడలేదు.

ఆయన చేసిన పరీక్ష మిక్కిలి సులభము. పాటను గట్టిగా పెట్టించి, వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ మైనసు బోల్టు మీదను, రెండవ కొనను ఆంప్లిఫయరు మైనసు బోల్టు మీదను ఉంచెను. రెండును ఒకే మైనసు. నడుమ వోల్టేజి దాదాపు శూన్యముగా నుండవలెను. మీటరు డప్పు దెబ్బకొక పర్యాయము 0.9 వోల్టు వరకు ఎగిరిపడినది. బ్యాటరీ నుండి కారు ఒంటికి పోవు తీగ కొన వద్ద పచ్చని చిలుము పట్టియున్నది. డిక్కీలో ఆంప్లిఫయరు ఎర్తును రంగు గీకకయే రేకు మీద బిగించినారు. దీపములును అదే ఒంటి ద్వారమున తిరుగు ప్రయాణము చేయవలసినవి కదా! ఆయన చిలుము కడిగి, రంగు గీకి, బోల్టులు బిగించి, బ్యాటరీ నుండి ఒంటికిని, ఇంజను నుండి ఒంటికిని లావుపాటి క్రొత్త తీగలు వేసెను. రెండు గంటల పని. గొట్టము ఖరీదులో మూడవ వంతైనను పట్టలేదు.

అంతటితో ఆగక ప్లస్సు తీగను పట్టి చూచి పెదవి విరిచెను. అది ఎనిమిది చదరపు మిల్లిమీటర్ల రాగి తీగ. ముందు నుండి డిక్కీకి అయిదు మీటర్ల దారి. అట్టి తీగలో 100 ఆంపియర్లు పారినచో దారిలోనే ఒక వోల్టు ఖర్చగును. ఇరువదియొక్క చదరపు మిల్లిమీటర్ల తీగ వేసినచో ఆ నష్టము 0.4 వోల్టు. ఈ లాభము సెకండులో ముప్పదవ వంతునకు కాదు, పాట నడుచునంత సేపును నిలుచును. తీగ మార్చి, బ్యాటరీకి ఒకటిన్నర అడుగుల లోపలనే ఫ్యూజు పెట్టెను. దుకాణమువారు ఫ్యూజును డిక్కీలో పెట్టియుండిరి. నడుమ ఎక్కడ తీగ ఒరసి తెగి ఇనుమును తాకినను దానిని ఆపు దిక్కులేదు. కారులు కాలిపోవుటకు ఇట్టి కక్కుర్తియు ఒక కారణము. ఈ ఒక్క విషయములో మేము ఆ దుకాణమును క్షమింపలేకున్నాము.

ఇక ఆల్టర్నేటరు. చిన్న కార్లలో అది సాధారణముగా 60 మొదలు 90 ఆంపియర్ల వరకు ఇయ్యగలదు. అదియు ఇంజను వేగముగా తిరుగునప్పుడు. సిగ్నలు వద్ద నిలిచియున్నప్పుడు దాని శక్తి చాల తగ్గును. దీపములు, చల్లని గాలి, ఇంజను పంపు, అన్నియు అందులోనే సర్దుకొనవలెను. 500 వాట్ల ధ్వని నిజముగా వెలువడవలెననిన, మంచి డి-తరగతి ఆంప్లిఫయరునకే దాదాపు 50 ఆంపియర్లు కావలెను. పాట అంతసేపును ఒకే తీరున లాగదు గాని, ఈ లెక్క దాటి పోవువారికి పెద్ద ఆల్టర్నేటరు తప్ప వేరు మార్గము లేదు. కొందరు పాటలో వినబడు కూతకు, అనగా ఇంజను వేగముతో హెచ్చుచు తగ్గుచు నుండు ఈలకు, ఈ గొట్టమునే మందుగా కొనుచున్నారు. ఆ ఈల చాల సందర్భములలో ఎర్తులు రెండు మూడు చోట్ల వేరువేరుగా నుండుటచే పుట్టునది, గొట్టముతో పోదు.

ఇంతయు విని, "మాకు పాట యలను చదును చేయుటకే కావలెను, కొందుము" అనువారిని మేము కాదనము. కాని అట్టివారు రెండు జాగ్రత్తలు మరువరాదు. గొట్టము మీది ప్లస్సు మైనసు గుర్తులు తారుమారైనచో అది ఉబ్బి పగులును. రెండవది, ఖాళీ కెపాసిటరును బ్యాటరీకి నేరుగా ఎన్నడును తగిలింపరాదు. ఆ క్షణమున వందల ఆంపియర్లు దుమికి, బోల్టు వద్ద మెరుపు లేచును, ఫ్యూజు పోవును. పన్నెండు వోల్టుల చిన్న బల్బు నొకదానిని నడుమ కలిపినచో, బల్బు మొదట బాగుగా వెలిగి, గొట్టము నిండిన కొలది మందగించి ఆరిపోవును. ఆరిన తరువాతనే అసలు తీగను బిగింపవలెను. విప్పునప్పుడును అంతే. బ్యాటరీ తీగ తీసివేసినను గొట్టము నిండియే యుండును. పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు. కాని వ్రేలి ఉంగరమో చేతిలోని స్పానరో రెండు బోల్టులకు అడ్డుపడినచో ఉంగరము ఎర్రగా కాలి చర్మమున దిగబడును. పనికి ముందు ఉంగరము, గడియారము తీసి ప్రక్కన పెట్టవలెను.

మా గొట్టమును మేము తీయించివేసితిమి. మేస్త్రి గారు బ్యాటరీ తీగ విప్పి, ఇంజను చల్లబడిన తరువాత, అయిదు వాట్ల బల్బును దాని రెండు బోల్టులకు తగిలించెను. నీలి అంకెలు 12.6 నుండి ఒక్కటొక్కటిగా దిగసాగినవి. బల్బు మొదట తెల్లగా వెలిగి, పసుపై, ఎర్రబారి, అర నిమిషములో ఆరిపోయినది. "ఇంతేనా!" అని మా బావమరిది చిన్నబోయెను. తిరుగు ప్రయాణమున హనుమాన్ జంక్షను దాటువరకు అతడు పాట పెట్టలేదు. తరువాత పెట్టెను, దీపములు కదలలేదు.